పద్నాలుగు పేజీలు

ఆఫీసు నుంచి వచ్చిన కాగితాన్ని రాజమ్మ మూడోసారి చదివింది. ఈసారి కూడా చివరి వాక్యం దగ్గరే ఆగిపోయింది.

"అభ్యర్థినులు తమ సొంత ఆలోచనలతో గీసిన స్కెచ్ పుస్తకమును ఇంటర్వ్యూకు విధిగా వెంట తీసుకొని రావలెను."

పైన రాసినవాటికి భయం లేదు. ఆరు రకాల కుట్లతో ఆరు నమూనాలు కావాలన్నారు. అవి ఎప్పుడో కుట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి, పాత చీర ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టుకుంది. సర్వీసు కాగితాలున్నాయి. ఆ ఒక్క వాక్యమే కొత్తది. శుక్రవారం పదిగంటలకు బాపట్లలో ఇంటర్వ్యూ. ఇవాళ సోమవారం.

తెనాలి మారీసుపేటలో ఒక మేడమీద రెండు గదుల్లో నడిచే స్త్రీల కుట్టుపని కేంద్రంలో రాజమ్మ పదిహేడేళ్ళుగా టెంపరరీ టీచరు. ఏటా మార్చి నెలాఖరుకు ఉద్యోగం పోతుంది. ఏప్రిల్లో ఎప్పుడో మళ్ళీ కాగితం వస్తుంది. ఈలోపు రోజూ పోస్టుమాను వచ్చే వేళకు గుమ్మంలో నిలబడటం ఆమెకు అలవాటైపోయింది. ఇప్పుడు, డెబ్భయ్యో సంవత్సరం అక్టోబరులో, జిల్లాలోని కుట్టు టీచర్లలో నలుగురిని పర్మనెంటు చేస్తామన్నారు. మిగిలినవాళ్ళ సంగతి కాగితంలో రాయలేదు. భర్త పోయి, నలభై నాలుగేళ్ళ వయసులో ఒక అద్దె గదిలో ఒంటరిగా ఉంటున్న మనిషి కావడంతో, రాయని ఆ మాటే రాజమ్మకు ఎక్కువగా వినిపించింది.

ఆమెకు బొమ్మ గీయడం రాదు. ఆ సంగతి ఎవరికీ తెలియదు, ఎవరికీ తెలియవలసిన అవసరం కూడా ఇన్నాళ్ళూ రాలేదు. అచ్చు పుస్తకంలోని బొమ్మ మీద ట్రేసింగు కాగితం పరిచి, గీతల వెంట సూదితో సన్నగా చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో నీలిమందు కలిపి దూదితో అద్దితే బొమ్మ గుడ్డ మీదికి దిగుతుంది. ఆ పైన సూది పట్టుకుంటే తెనాలిలో ఆమెకు సాటి లేరు. ఎన్ని నెమళ్ళు, ఎన్ని గులాబీలు అలా దించిందో! ఒక్కటి కూడా ఖాళీ కాగితం మీద పుట్టించింది కాదు.

ఆ సాయంత్రం బజారుకు వెళ్ళి డ్రాయింగు పుస్తకం కొనుక్కొచ్చింది. ఇంటి యజమానురాలి పెరట్లోంచి ఒక మందారం కోసి, గ్లాసులో పెట్టి, ఎదురుగా కూర్చుంది. మొదటి రేకు బాగానే వచ్చిందనిపించింది. రెండోది దాని పక్కన ఇమడలేదు. చెరిపింది, మళ్ళీ గీసింది. పూర్తయ్యాక చూస్తే గాలికి తిరగబడిన గొడుగులా ఉంది. చెరిపి చెరిపి కాగితం పలచబడి, వెనకనుంచి వేలు కనిపించసాగింది. పెన్సిలు పట్టుకున్న చేతికి చెమట పట్టింది. ఇదే చెయ్యి దబ్బనంలో దారం ఎక్కించినంత తేలిగ్గా సన్నసూదిలో ఒంటి పోగు ఎక్కిస్తుంది.

*

మంగళవారం క్లాసులో పద్దెనిమిదిమంది ఆడపిల్లలు గుడ్డ బిగించిన రింగులు ఒళ్ళో పెట్టుకుని కాడకుట్టు వేస్తున్నారు. కిటికీ దగ్గర ఆదిలక్ష్మి ఒక్కతే తల ఎత్తకుండా వేరే పనిలో ఉంది. రింగు పక్కన పెట్టి, అట్ట ఊడిన నోటుపుస్తకంలో ఏదో గీసుకుంటోంది.

ఆదిలక్ష్మికి పందొమ్మిదేళ్ళు. రేపల్లెకు అవతల కృష్ణ ఒడ్డునున్న పెనుమూడి వాళ్ళది, వ్యవసాయ కుటుంబం. రేపల్లెలో మేనత్త ఇంట్లో ఉండి రోజూ పొద్దున రైలుబండిలో తెనాలి వస్తుంది. ఆదివారాలు ఇంటికి వెళ్తుంది. ఈ పుస్తకం గురించి రాజమ్మ ఆ పిల్లను ఎన్నోసార్లు కోప్పడింది. "నేనిచ్చిన గులాబీ అలాగే ఉంది, ఈ పిచ్చి గీతలేంటమ్మాయ్?" అనేది. ఆదిలక్ష్మి పుస్తకం మూసి, బుద్ధిగా గులాబీ కుట్టేది. మర్నాడు మళ్ళీ మామూలే.

ఇవాళ రాజమ్మ కోప్పడలేదు. వెనకగా వచ్చి నిలబడి, "ఏదీ, ఇటివ్వు" అంది.

మొదటి పేజీలో పడవ తాడు ముడి ఉంది. చూసినది చూసినట్టు, పీచుతో సహా గీసింది. దాని కింద అదే ముడి, పీచు లేకుండా. ఆ కింద రెండు వంపులు మాత్రమే. నాలుగోసారికి ముడి పోయి, చీర అంచు మీద పాకే గొలుసు వచ్చింది. ఆ గొలుసు పక్కన చిన్న చిన్న అడ్డగీతలతో ఏ కుట్టు ఎటు తిరగాలో, ఏ రంగు ఎక్కడ మారాలో గుర్తులు ఉన్నాయి. రెండు ప్రయత్నాలు అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. తరువాతి పేజీలో గాలికి చీలిన అరటాకు. ఆ తరువాత బురదలో కొంగ అడుగులు. ఒక్కో పేజీలో ఒక్కో వస్తువు మెల్లగా వేషం మార్చుకుంటూ కుట్టు అయ్యేదాకా వచ్చి ఆగింది.

రాజమ్మ పేజీలు తిప్పడం ఆపలేదు.

"ఇంటికి పట్టుకెళ్ళి చూస్తానమ్మా. దిద్ది ఇస్తాను" అంది. గొంతు మామూలుగానే వచ్చింది.

ఆదిలక్ష్మి మొహం ఎర్రబడింది. లేచి నిలబడి, "నిజంగానా అండీ? కొట్టేసినవి మాత్రం చూడకండి టీచరుగారూ, అవన్నీ తప్పులు" అంది.

మధ్యాహ్నం మూడింటికల్లా రాజమ్మ గదికి చేరింది. పడమటి కిటికీకి అద్దాల తలుపు ఉంది. ఎండ దాని మీద పూర్తిగా పడుతోంది. ఆదిలక్ష్మి పేజీని అద్దానికి ఆనించి, దాని మీద తన కొత్త పుస్తకంలోంచి విప్పిన కాగితం పెట్టింది. గీతలు వెలుగులో పైకి తేలాయి. ఈ పనిలో ఆమె చెయ్యి ఎప్పుడూ వణకదు. తాడు ముడి దిగింది. అరటాకు దిగింది. కొట్టేసినవి వదిలేసింది. అడ్డదిడ్డంగా ఉన్న గుర్తులను వరసలో పెట్టింది. పెన్సిలు జారినచోట గీతను సాపు చేసింది.

పదకొండో పేజీలో బొమ్మేమీ లేదు. పైనుంచి కిందికి వంకరటింకరగా గీతలు, ఒకదాని పక్కన ఒకటి, పదమూడు ఉన్నాయి. కొన్నిచోట్ల ఒకదాన్నొకటి తాకుతున్నాయి, కొన్నిచోట్ల బొటనవేలంత ఎడం ఉంది. పిల్ల తొందరలో గీసినట్టుందనుకుని, రాజమ్మ స్కేలు పెట్టి చుక్కలు కొలుచుకుని, గీతలన్నిటినీ సమానమైన ఎడంతో దించింది. చాలా అందంగా వచ్చింది.

పొద్దు వాలేసరికి పద్నాలుగు పేజీలు పూర్తయ్యాయి. వాటిని మళ్ళీ పుస్తకంలోకి కుట్టింది. మందారం ఉన్న పేజీని చింపితే కుట్టు వదులవుతుందని చివర్న ఉంచేసింది. అన్నీ అయ్యాక పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎంతో శుభ్రంగా ఉంది. అన్నం వండుకోవాలని గుర్తుంది, కాని లేవలేదు.

*

బుధవారం ఆదిలక్ష్మి క్లాసుకు రాలేదు.

కిటికీ దగ్గర ఖాళీగా ఉన్న చోటును చూడగానే రాజమ్మకు ముందు హాయిగా అనిపించింది. మరుక్షణమే ఒళ్ళు చల్లబడింది. ఎవరైనా చెప్పారా? ఎవరు చెబుతారు, చూసినవాళ్ళు లేరే! ఇంటి యజమానురాలు కిటికీ కింద వడియాలు ఎండబెట్టుకుంది. ఆమె తల ఎత్తిందా?

రేపల్లె బండిలోనే వచ్చే పుష్పలతను పిలిచి, ఏదో మాటల మధ్య అడిగినట్టు అడిగింది.

"వాళ్ళ నాన్నగారు నిన్న సాయంత్రం స్టేషనుకే వచ్చి తీసుకెళ్ళారండి. పెనుమూడిలో ఏదో అయిందంట. అడిగితే చెప్పలా" అంది పుష్పలత.

ఆ మధ్యాహ్నం ఇంట్లో రాజమ్మ తన పుస్తకం తెరిచి, తానే అధికారిగా ప్రశ్నలు వేసుకుంది. ఇదేంటి? పడవ తాడండి. ఇదేంటి? అరటాకండి. పదకొండో పేజీ దగ్గర జవాబు రాలేదు. నీళ్ళా? జడపాయలా? చీర కుచ్చెళ్ళా? ఏది చెప్పినా ఇంకో ప్రశ్న వస్తే నిలవదు. ఆ పేజీ తీసేద్దామనుకుంటే, పుస్తకం మొత్తానికి కంటికి ఆనేది అదే. నీళ్ళండి, కృష్ణ నీళ్ళండి అని పైకి అనుకుని చూసింది. తన గొంతే తనకు అబద్ధంగా వినిపించింది.

గురువారం పొద్దున సెలవు చీటీ రాసి పంపించి, రేపల్లె బండి ఎక్కింది. పిల్ల పుస్తకం పిల్లకు ఇచ్చేసి రావాలి కదా అని బండిలో అంతసేపూ అనుకుంది. భట్టిప్రోలు దాటినా, పల్లెకోన దాటినా అదే మాట అనుకుంటూ ఉంది. రేపల్లెలో దిగి జట్కా మాట్లాడుకుంది. వరద తీసి పదిరోజులైనా దారి పొడుగునా బురద వాసన పోలేదు. వరి దుబ్బులకు మొదళ్ళదాకా మట్టి పట్టి ఉంది.

ఊరి చివర ఆదిలక్ష్మి వాళ్ళ తోటలో అందరూ పనిలో ఉన్నారు. తండ్రి వెంకటకృష్ణయ్య పచ్చి అరటిగెలల్ని కత్తితో నరికి కింద పడేస్తున్నాడు. గెలలు ఇంకా ముదరలేదు, కాయలు వేళ్ళంత ఉన్నాయి. తల్లి వాటిని మోసుకెళ్ళి బండిలో వేస్తోంది. గొడ్లపాక కప్పు విప్పేశారు. గుంజలు మాత్రం నిలబడి ఉన్నాయి.

ఆదిలక్ష్మి ముందు గుర్తుపట్టలేదు. తరవాత చేతులు పమిటకు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"టీచరుగారూ! మీరా అండీ! అమ్మా, మా టీచరుగారే. నాన్నా!"

వెంకటకృష్ణయ్య కత్తి కిందపెట్టి దండం పెట్టాడు. "రండమ్మా. కూర్చోబెట్టడానిక్కూడా చోటు లేకుండా ఉంది. దీని పుస్తకం మీరు ఇంటికి తీసుకెళ్ళారంటగా. మొన్న బండిలో అదే మాట, నాన్నా మా టీచరుగారు నా పుస్తకం పట్టుకెళ్ళారు అని. నేనేమో ఇక్కడ పోయిన గట్టు గురించి చెప్తన్నా."

రాజమ్మ నవ్వబోయింది, కుదరలేదు. ఆదిలక్ష్మి తల్లి మజ్జిగ ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. కాసేపు అవీ ఇవీ అడిగి, చివరికి సంచిలోంచి పుస్తకం తీసింది. నేరుగా పదకొండో పేజీకే తిప్పింది.

"ఇదేంటమ్మా? ఇది నాకు అంతుపట్టలేదు."

"అదా అండీ. రండి, చూపిస్తా."

పాక దాటి పదిహేను అడుగులు వేశారో లేదో ఆదిలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంక ముందుకి రాకండి. అడుగున బోలుగా ఉంటది." ఎదురుగా నేల కత్తితో కోసినట్టు ఆగిపోయి ఉంది. చాలా కిందుగా ఏరు, ఏమీ ఎరగనట్టు పారుతోంది.

"శ్రావణమాసంలో మొదలుపెట్టానండి. ప్రతి ఆదివారం ఇక్కడ నిలబడి, ఆ గుంజ దగ్గర్నించి అడుగులేసుకుని, గట్టు ఎక్కడిదాకా ఉందో ఒక గీత. ఒక వారానికి ఒకటి. ఈ రెండూ కలిసిపోయినయి చూశారా? ఆ వారం ఏం కోయలా. ఇక్కడ చూడండి ఎంత ఎడముందో! అది వరద తీసిన వారం. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు గట్టు నిలబడతది. నీళ్ళు తీసినాకే విరుగుద్ది." ఆ పిల్ల గీతల మధ్య వేలు పెట్టి కదిలించింది. "ముందు లెక్క కోసమే గీశానండి. తరవాత చూస్తే, నల్ల గుడ్డ మీద తెల్లదారంతో కాడకుట్టు వేస్తే బాగుంటదనిపించింది. ఎడం ఎక్కువున్నచోట ఏమీ కుట్టకూడదు. అంత గుడ్డా ఖాళీగా ఉండాలి. ఏమంటారు?"

రాజమ్మ స్కేలు పెట్టి సమానం చేసిన చోటు అదే.

ఎడమ పక్కన, ఇరవై గజాల దూరంలో, పెద్ద శబ్దం లేకుండానే ఒక మట్టిపెళ్ళ విడివడి కిందికి జారింది. దాంతోపాటు ఒక అరటిచెట్టు నిలువుగా, ఆకులతో సహా కిందికి దిగి, నీళ్ళలో పక్కకు ఒరిగింది. తండ్రి ఒకసారి తిరిగి చూసి మళ్ళీ గెల నరకసాగాడు.

"ఇల్లు కూడా ఖాళీ చేస్తన్నామండి" అంది ఆదిలక్ష్మి. "నగరం అనే ఊళ్ళో మా పెద్దమ్మగారి ఇంటికి. నేనింక క్లాసుకి రాలేను. అమ్మ ఒక్కతే చేసుకోలేదు." పుస్తకాన్ని మూసి, రాజమ్మ చేతిలోనే పెట్టింది. "ఇది మీ దగ్గరే ఉండనివ్వండి టీచరుగారూ. ఈ సామాన్లలో పడితే ఎటు పోతదో. మీ దగ్గరుంటే భద్రంగా ఉంటది."

తిరుగు జట్కాలో రాజమ్మ సంచిని గుండెలకు హత్తుకుని కూర్చుంది. ఇక అడిగేవాళ్ళు లేరు. పిల్ల తెనాలి రాదు. ప్రతి పేజీకీ జవాబు తెలిసింది. అసలు పుస్తకం తన చేతిలోనే ఉంది. అన్నీ అనుకూలంగా ఉన్నాయి.

*

శుక్రవారం బాపట్లలో ఆఫీసు వరండాలో పదకొండుమంది ఆడవాళ్ళు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. అందరి ఒళ్ళోనూ స్కెచ్ పుస్తకాలు. పక్కనున్న ఆమె తనది తెరిచి చూపించింది. ఆ ఏడు వచ్చిన అచ్చు పుస్తకంలోని నెమలి, ఈకలతో సహా. అటువైపు ఆమె పుస్తకంలోనూ అదే నెమలి, కాస్త లావుగా. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. రాజమ్మ తనది తెరవలేదు.

లోపల ఇద్దరున్నారు. ఒకాయన జిల్లా అధికారి వెంకటరత్నం. ఏటా ఆమె టెంపరరీ కాగితం మీద సంతకం పెట్టేది ఆయనే. రెండో ఆవిడ హైదరాబాదులోని డిజైను కాలేజీ నుంచి వచ్చింది. తెల్లటి చేనేత చీర, నెరిసిన జుట్టు. ముందు ఆరు నమూనాలు అడిగింది. ఒక్కొక్కటి పైవైపు చూసి, తిరగేసి వెనకవైపు ఎక్కువసేపు చూసింది.

"ముడి ఎక్కడ పడిందో తెలియనివ్వలేదే" అంది మెచ్చుకోలుగా. తరవాత పుస్తకం తీసుకుంది.

మూడు పేజీలు తిప్పేసరికి ముందుకు వంగింది. "ఇవాళ పొద్దుట్నించీ నెమళ్ళే చూస్తున్నాను. ఇదేంటండీ?"

"పడవ తాడు ముడండి. పెనుమూడి రేవులో కట్టేది."

"ఇది?"

"కొంగ అడుగులండి. బురదలో."

జవాబులు సాఫీగా వచ్చేస్తున్నాయి. వెంకటరత్నం తల ఊపుతున్నాడు. పదకొండో పేజీ వచ్చింది. రాజమ్మ అడగకముందే చెప్పింది. ఏరు గట్టును కోయడం, ఆదివారానికొక గీత, నల్లగుడ్డ మీద తెల్లదారం. ఆవిడ వింటూ, గీతల మీద చూపుడువేలు నడిపించింది.

"ఏరు ప్రతి వారం ఇంత కొలిచినట్టు కోస్తుందా?" అంది. "అన్నీ ఒకే ఎడంలో ఉన్నాయే!"

"అందం కోసం..." అంది రాజమ్మ.

ఆ మాట చాలు. ఆవిడ పేజీ తిప్పబోతోంది కూడా. రాజమ్మ ఆ పేజీ మీద చెయ్యి పెట్టి ఆపింది.

"నేను పాడుచేశానండి" అంది. సంచిలో చెయ్యి పెట్టి, అట్ట ఊడిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. "అసలుది ఇది. మా కేంద్రంలో చదివే ఆదిలక్ష్మి గీసింది. నేను అద్దం మీద పెట్టి దించాను."

ఆవిడ రెండు పుస్తకాలనూ పక్కపక్కన తెరిచి పెట్టుకుంది. వెంకటరత్నం గొంతు సవరించుకున్నాడు.

"దానికేముందండీ" అన్నాడు ఆవిడతో. "శిష్యురాలు గీసింది, ఈమె సాపు చేసింది. కేంద్రంలో జరిగిన పనంతా టీచరు పనే కదా. బయట ఉన్నవాళ్ళ నెమళ్ళకంటే నయం." రాజమ్మ వైపు తిరిగి, మంచిగానే, "మీ ఆధ్వర్యంలో గీయించారని రాసుకుంటానమ్మా. అంతేగా?" అన్నాడు.

ఆయన కలం కాగితం మీద ఆగి ఉంది. తల ఊపితే సరిపోతుంది. పదిహేడేళ్ళుగా ఈయన ముందు తల ఊపుతూనే ఉంది.

"నా ఆధ్వర్యం ఏమీ లేదండి. గీస్తుంటే వద్దని కోప్పడేదాన్ని" అంది.

ఆయన కలానికి మూత పెట్టాడు. ఆవిడ మాత్రం ఆదిలక్ష్మి పుస్తకంలోంచి తల ఎత్తకుండా, "మీరు గీసింది ఒక్కటీ లేదా?" అని అడిగింది.

"చివరి పేజీలో ఉందండి."

ఆవిడ చెరిపి చెరిపి పలచబడిన మందారాన్ని చూసింది. నవ్వలేదు. పుస్తకం మూసి ఇచ్చేసింది. "ఈ పిల్ల ఎంతవరకు చదివింది?"

"ఎస్సెల్సీ పాసైందండి."

"మా దగ్గర రెండేళ్ళ డిజైను చదువు ఉంది. హాస్టలు ఉంది. ఒక సీటు ఇంకా నిండలేదు. సోమవారం దాకా నేనిక్కడే ఉంటాను. పిల్లనీ తండ్రినీ తీసుకురాగలరా?"

"తెస్తానండి" అంది రాజమ్మ. వరండాలోకి వచ్చాక గాని, ఆ పిల్లకు ఏమని చెప్పి తేవాలో తోచలేదు.

*

శనివారం పెనుమూడిలో పాక గుంజలు కూడా లేవు. ఆదిలక్ష్మి వాకిట్లో కుండలకు గడ్డి చుడుతోంది. రాజమ్మను చూసి మళ్ళీ అదే సంతోషంతో లేచింది. ఆ మొహం చూస్తే రాజమ్మకు, హాస్టలు సంగతి ఒక్కటే చెప్పి మిగతాది మింగేద్దామనిపించింది. ఆఫీసులో ఎలాగూ బయటపడుతుంది. బయటపడకపోయినా...

"ముందు ఇది చూడు" అని తన పుస్తకం ఇచ్చింది.

ఆదిలక్ష్మి అర్థంకాక, నవ్వు మొహంతోనే మొదటి పేజీ తిప్పింది. రెండోది తిప్పింది. నవ్వు ఒకేసారి పోలేదు, పేజీ పేజీకి కొంచెం కొంచెం తగ్గింది. పదకొండు దగ్గర ఆగింది.

"ఇవన్నీ సమానంగా ఉన్నయ్యే" అంది.

"నేనే సరిచేశాను. బాపట్లలో నావని చెప్పుకుందామని దించుకున్నాను. చెప్పుకోలేదులే. కాని అందుకే దించుకున్నాను."

ఆదిలక్ష్మి ఆ పేజీ మీదనుంచి తల ఎత్తింది. "అయితే మొన్న గురువారం మీరొచ్చింది..."

"ఆ పేజీ ఏంటో తెలియక. అడుగుతారేమోనని భయమేసి."

"నా కోసం కాదా?"

"కాదమ్మా" అంది.

ఆదిలక్ష్మి పుస్తకం మూసి అరుగు మీద పెట్టింది. చెయ్యి చాచి, "నాది ఇవ్వండి" అంది. తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. హాస్టలు గురించి, సీటు గురించి రాజమ్మ తండ్రికి చెప్పవలసి వచ్చింది. వెంకటకృష్ణయ్య తలగుడ్డ విప్పి మెడ తుడుచుకుంటూ విన్నాడు. తల్లి, "అంత దూరమా, ఒక్కదాన్నా?" అంది.

"సోమవారం పొద్దున నేను తెనాలి స్టేషన్లో ఉంటానన్నయ్యగారూ" అంది రాజమ్మ.

"చూస్తానమ్మా. నాకేం తెలుసు, అదేమంటదో! దాని మొహం చూశారుగా." ఆయన ఇంటివైపు చూశాడు. ఆదిలక్ష్మి బయటికి రాలేదు.

*

సోమవారం రేపల్లె బండి వచ్చే ప్లాట్‌ఫారం మీద రాజమ్మ గంట ముందునుంచే నిలబడింది. బండి వచ్చింది. పాలక్యాన్లు దిగాయి, కాలేజీ పిల్లలు దిగారు, పుష్పలత దిగి నమస్కారం పెట్టి వెళ్ళింది. జనం పలచబడ్డారు. రాజమ్మ ఒక్కో పెట్టెలోకీ తొంగిచూస్తూ చివరిదాకా నడిచింది. చివరి పెట్టెలోంచి, ఉతికిన చొక్కా వేసుకుని వెంకటకృష్ణయ్య దిగుతున్నాడు. ఆయన వెనక, గుడ్డసంచితో ఆదిలక్ష్మి.

"నమస్కారమండి" అంది ఆ పిల్ల, కొత్తవాళ్ళతో అన్నట్టు. "బాపట్ల బండి ఎక్కడ ఆగుద్ది?"

బండిలో తండ్రీకూతుళ్ళు అటు కిటికీ దగ్గర కూర్చున్నారు. రాజమ్మ ఎదురుగా కూర్చుంది. నిడుబ్రోలులో వెంకటకృష్ణయ్య దిగి టీ తెచ్చి ముగ్గురికీ ఇచ్చాడు. బాపట్ల వచ్చేదాకా ఆదిలక్ష్మి బయటికే చూస్తూ ఉంది.

ఆఫీసు గోడకు జాబితా అంటించి ఉంది. నలుగురి పేర్లు. రాజమ్మ పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివింది. తన పేరు లేదు. లావు నెమలి తెచ్చినామె పేరు రెండోది. పక్కకు తిరిగేసరికి ఆదిలక్ష్మి కూడా జాబితానే చదువుతోంది.

హైదరాబాదు ఆవిడ ఆదిలక్ష్మితో అరగంట మాట్లాడింది. తలుపు అవతల ఏం జరుగుతోందో వినపడదు. వరండాలో వెంకటకృష్ణయ్య కండువాను మడిచి, విప్పి, మళ్ళీ మడిచాడు. తలుపు తీసుకుని ఆదిలక్ష్మి వచ్చి, "తీసుకున్నారు నాన్నా. ఫారం నింపమన్నారు" అంది.

గుమాస్తా బల్ల దగ్గర నిలబడి నింపింది. పేరు, తండ్రి పేరు, ఊరు. ఊరు అన్నచోట ఒక్క క్షణం ఆగి, పెనుమూడి అనే రాసింది. ఆ కింద గడి: "శిక్షణ ఇచ్చినవారి పేరు."

కలం ఆగింది.

రాజమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా, "అది ఖాళీగా వదిలెయ్యమ్మా. ఫరవాలేదు" అంది.

ఆదిలక్ష్మి ఆమె వైపు చూడలేదు. గడి చిన్నది, అక్షరాలు చిన్నవి చేసి రాసింది. "కుట్టు: శ్రీమతి రాజమ్మ గారు, తెనాలి." దాని కింద, ఇంకా చిన్నగా, "గీత:" అని రాసి, పేరు ఉండాల్సిన చోట ఒక అడ్డగీత పెట్టింది.

గుమాస్తా కాగితం తిప్పి చూసి విసుక్కున్నాడు. "ఇదేంటమ్మా, ఒక పేరు రాయమంటే? ఈ రెండోది కొట్టెయ్."

"కొట్టెయ్యక్కర్లేదండి. రెండూ కరెక్టే" అంది ఆదిలక్ష్మి, సంతకం పెట్టడానికి కాగితం మళ్ళీ తనవైపు తిప్పుకుంటూ.